చేతులు కదలకపోయినా కంప్యూటర్ నడపడం ఎలా: కన్ను దాకా పోయే ముందు

మా బావ గీత కార్మికుడు. నాలుగేండ్ల కింద మునుగోడు దగ్గర మా ఊళ్లో తాడిచెట్టు మీద నుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్నది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, తల అటూ ఇటూ తిరుగుతుంది. చేతులు, కాళ్లు మాత్రం పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొత్తలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "బామ్మర్దీ, ఫోన్ నేనే చూసుకునేటట్టు ఏమన్న చెయ్యరా." ప్రతి చిన్న పనికీ అక్కను పిలవాల్సి రావడం ఆయనకు పడ్డ దెబ్బ కంటే ఎక్కువ బాధగా ఉండేది.

నేను వెతికితే మొదట కనపడింది ఐ ట్రాకర్. కంటిచూపుతో మౌస్ కదులుతుందన్నారు. అప్పు చేసి ఒకటి కొన్నాను. నెల తిరగకముందే అది డబ్బాలోకి పోయింది. పరికరంలో లోపం లేదు. మెడ చక్కగా తిరిగే మనిషి చేత రోజంతా కళ్లతో చాకిరీ చేయించడం నా పొరపాటు. సాయంత్రానికి ఆయన కళ్లు ఎర్రబడేవి, తలనొప్పి వచ్చేది. తర్వాత మామూలు వెబ్‌క్యామ్‌తో, ఒక్క రూపాయి సాఫ్ట్‌వేర్ ఖర్చు లేకుండా, తల కదలికతో ఆయన కంప్యూటర్ నడపడం నేర్చుకున్నాడు.

అందుకే మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే పరికరం కొనడంతో మొదలుపెట్టకండి. ఒంట్లో మిగిలిన కదలికల్లో ఏది నమ్మకమైనదో ముందు తేల్చండి. చూడటం అనే పని కంటికి ఎలాగూ ఉంది. దానికి రెండో పని అప్పజెప్పడం చివరి మెట్టు.

ముందుగా ఒక కాగితం, ఒక పెన్ను

మనిషిని ఆయనకు అలవాటైన పడకలోనో కుర్చీలోనో సౌకర్యంగా కూర్చోబెట్టండి. కనుబొమ్మలు, పెదవులు, దవడ, తల, భుజాలు, ఒక్కో వేలు, మోకాలు, పాదం: పైనుంచి కిందికి ఒక్కొక్కటీ కదపమని అడుగుతూ రాసుకోండి. ఒకసారి కదిలితే సరిపోదు. వరసగా పదిసార్లు చేయమనండి. అడిగినప్పుడు కదలాలి, వద్దన్నప్పుడు ఆగాలి. నొప్పి ఉండకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. పొద్దున బాగా కదిలిన వేలు సాయంత్రానికి అలసిపోతే దాని మీద ఆధారపడలేం. బొటనవేలు అర అంగుళం కదిలినా చాలు, అది బంగారం లాంటి కదలిక. కింద చెప్పబోయే స్విచ్‌తో ఆ అర అంగుళమే కంప్యూటర్ మొత్తాన్ని నడుపుతుంది.

ఈ కాగితం ఫిజియోథెరపిస్టుకు చూపించండి. పిల్లల విషయమైతే మండలంలో భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వచ్చే ఫిజియోథెరపిస్టును అడగవచ్చు. వెన్నుపూసకు ఆపరేషన్ అయినవాళ్లు మెడతో చేసే ఏ పనీ డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

మన నల్లగొండ జిల్లాలోనే ఒకే పద్ధతి అందరికీ పనికిరాదని గుర్తుపెట్టుకోండి. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లకు మెడ, నడుము తిరగవు. బావకు పనిచేసిన తల మౌస్ వాళ్లకు పనిచేయదు. కానీ వాళ్లలో చాలామందికి వేళ్లు కదులుతాయి. అలాంటివాళ్లకు ట్రాక్‌బాల్ మౌస్ ఇచ్చి చూడండి. మౌస్ ఉన్నచోటే ఉంటుంది, దాని మీద ఉన్న బంతిని వేళ్లతో దొర్లిస్తే చాలు. చేయి లేపక్కర్లేదు, మోచేయి జరపక్కర్లేదు.

కొనే ముందు, చేతిలో ఉన్నదాంట్లో చూడండి

ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో స్విచ్ యాక్సెస్ తెరవండి. అక్కడ కెమెరా స్విచ్ అనే ఎంపిక ఉంటుంది. నోరు తెరవడం, నవ్వడం, కనుబొమ్మలు ఎత్తడం, ఎడమకో కుడికో పైకో చూడటం, ఈ ఆరు సైగల్లో ఏదైనా ఫోన్‌కు బటన్ అవుతుంది. ఉదాహరణకు కనుబొమ్మలు ఎత్తితే తర్వాతి ఐకాన్‌కు పోవాలి, నోరు తెరిస్తే అది ఓపెన్ కావాలి అని పెట్టుకోవచ్చు. నవ్వును మాత్రం బటన్‌గా పెట్టకండి. ఇంట్లో ఎవరో నవ్విస్తారు, ఎవరికో ఫోన్ పోతుంది. మనిషి తన నవ్వును కూడా ఆపుకుని కూర్చోవాల్సి రావడం మంచిది కాదు.

ఐఫోన్ 12 గానీ ఆ తర్వాతిది గానీ ఉండి, ఐఓఎస్ 18 గానీ ఆ తర్వాతిది గానీ వేసుకుని ఉంటే, యాక్సెసిబిలిటీలోనే ఐ ట్రాకింగ్ ఉంటుంది. ముందు కెమెరాతోనే పనిచేస్తుంది, వేరే పరికరం అక్కర్లేదు. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించి, ముఖానికి అడుగున్నర దూరంలో పెట్టాలి.

విండోస్ కంప్యూటర్‌లో వేళ్లు కొంచెం పనిచేసేవాళ్లకు స్టిక్కీ కీస్ ఉంది. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే వస్తుంది. రెండు మూడు కీలు ఒకేసారి నొక్కాల్సినచోట ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా పనవుతుంది. ఎడమ వైపు ఆల్ట్, ఎడమ వైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కితే కుడివైపు అంకెల కీలతోనే మౌస్ కదులుతుంది. మాట స్పష్టంగా ఉన్నవాళ్లు ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) మైక్ నొక్కి తెలుగులోనే చెప్పి టైప్ చేయించుకోవచ్చు. పాలమూరు యాసలో మాట్లాడినా చాలావరకు పట్టుకుంటుంది, ఒకటి రెండు మాటలు దిద్దుకోవాలి. కాకపోతే పిన్ నంబర్లు నోటితో చెప్పకూడదు. చుట్టూ పదిమంది ఉండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. బావ పట్టుబట్టి తల మౌస్ నేర్చుకోవడానికి పెద్ద కారణం ఇదే: తన బ్యాంకు పాస్‌వర్డ్ తానే కొట్టుకోవాలి.

తలతో మౌస్ నడపడం

విండోస్‌లో ఈవయాక్యామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లినక్స్‌లోనూ పనిచేస్తుంది. బోస్టన్ కాలేజీలో తయారైన కెమెరా మౌస్ ఇంకొకటి. ఆపిల్ మ్యాక్‌లో అయితే హెడ్ పాయింటర్ పేరుతో లోపలే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఈవా ఫేషియల్ మౌస్ అనే యాప్ ఉంది. బావ వాడేది ఈవయాక్యామ్ కాబట్టి దాని సంగతే చెప్తాను.

వెబ్‌క్యామ్‌ను స్క్రీన్ పైన నడిమధ్యలో పెట్టండి. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక నుంచి రాకూడదు. మా ఇంట్లో మంచం వాకిలి వైపు వీపు పెట్టి ఉండేది. కెమెరాకు ముఖం నల్లగా కనిపించి బాణం గుర్తు ఎటుపడితే అటు పోయేది. మంచం తిప్పాం, సగం సమస్య పోయింది.

ప్రోగ్రామ్ తెరిచాక ముఖాన్ని అదే పట్టుకుంటుంది. మొదట వేగం తగ్గించండి. తల కొంచెం తిప్పితే బాణం స్క్రీన్ చివరిదాకా పోతే కొత్తవాళ్లు బెదిరిపోతారు. అడ్డం, నిలువు వేగాలు వేర్వేరుగా మార్చవచ్చు. తల పైకీ కిందికీ ఆడించడం పక్కలకు తిప్పడం కంటే కష్టం కాబట్టి నిలువు వేగం కాస్త ఎక్కువ పెట్టండి. కదలిక వణుకుతున్నట్టు ఉంటే స్మూత్‌నెస్ పెంచండి.

క్లిక్ ఎలా? బాణాన్ని ఒకచోట కాసేపు ఆపితే అదే క్లిక్ అవుతుంది. దీన్ని డ్వెల్ అంటారు. ఆ సమయం మొదట రెండు సెకన్లు పెట్టండి, అలవాటైనకొద్దీ తగ్గించండి. డబుల్ క్లిక్, రైట్ క్లిక్ కావాలంటే స్క్రీన్ అంచున ఒక బార్ వస్తుంది, అందులో ఎంచుకోవాలి.

మొదటి వారం రోజుకు పది పదిహేను నిమిషాలు మించి వద్దు. మెడ నరాలు పట్టేస్తాయి. ఒంటికి స్పర్శ తెలియనివాళ్లను గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోబెడితే పుండ్లు పడతాయి. కంప్యూటర్ మీద ధ్యాసలో పడి పక్కకు తిప్పే వేళ తప్పకూడదు. మేం రెండు గంటలకోసారి అలారం పెట్టుకున్నాం.

ఒక్క స్విచ్‌తో మొత్తం కంప్యూటర్

తల తిరగదు, కానీ ఒక వేలో మోకాలో గడ్డమో కదులుతుంది అనుకోండి. అప్పుడు కావాల్సింది పెద్ద బటన్. దివ్యాంగుల కోసం తయారయ్యే స్విచ్‌లు దొరుకుతాయి గానీ ధర ఎక్కువ. పాత యూఎస్‌బీ మౌస్, కాలింగ్ బెల్ స్విచ్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. నొక్కినంతసేపే కలిసి, వదలగానే విడిపోయే గుణం కాలింగ్ బెల్ స్విచ్‌కు ఉంది, మనకు కావాల్సింది అదే. లైటు స్విచ్ పనికిరాదు.

మౌస్ అడుగున స్క్రూ తీసి మూత విప్పండి. స్క్రూ కొన్నిసార్లు స్టిక్కర్ కింద దాగి ఉంటుంది. ఎడమ బటన్ కింద చిన్న నల్లటి స్విచ్ ఉంటుంది, బోర్డు వెనక దానివి మూడు కాళ్లు కనపడతాయి. మల్టీమీటర్‌ను బీప్ శబ్దం వచ్చేచోట పెట్టి, స్విచ్ నొక్కినప్పుడు మాత్రమే ఏ రెండు కాళ్ల మధ్య బీప్ వస్తుందో చూడండి. ఆ రెండిటికీ రెండు సన్నని వైర్లు సోల్డర్ చేసి, వైర్ల ఇంకో చివర 3.5 మిల్లీమీటర్ల మోనో సాకెట్‌కు కలపండి. పాత ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే సైజే అది. మౌస్ పక్కకు రంధ్రం చేసి సాకెట్ బిగించి మూత వేయండి. ఇక కాలింగ్ బెల్ స్విచ్‌కు మీటరున్నర వైరు కలిపి, చివర 3.5 మోనో పిన్ను పెట్టండి. పిన్ను సాకెట్‌లో పెట్టి బెల్ స్విచ్ నొక్కితే మౌస్ ఎడమ బటన్ నొక్కినట్టే.

సాకెట్ ఎందుకు, వైరు నేరుగా కలిపేయొచ్చు కదా అని మా ఊరి మెకానిక్ అడిగాడు. బయట దొరికే స్విచ్‌లు చాలావరకు ఇదే 3.5 పిన్నుతో వస్తాయి. రేపు మెత్తటి స్విచ్ కొంటే మౌస్ మళ్లీ విప్పక్కర్లేదు.

ఇవన్నీ యూఎస్‌బీ నుంచి వచ్చే ఐదు వోల్టులతో నడిచేవి, షాక్ భయం లేదు. కానీ ఆ బెల్ స్విచ్‌ను ఎవరూ గోడ కరెంటుకు కలపకుండా దాని మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. సోల్డరింగ్ చేతకాకపోతే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా క్లాక్ టవర్ చుట్టుపక్కల ఫోన్ రిపేర్ చేసేవాళ్లకు ఈ నాలుగు వాక్యాలు చూపిస్తే చాలు. సామాను ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. అక్కడ లిమిట్ స్విచ్ అని, పొడుగాటి రేకు ఉన్నది అడగండి. బెల్ స్విచ్ గట్టిగా ఉంటుంది, బలం లేని వేలికి అది నొక్కుడుపడదు. రేకు ఉన్నది ఆకు తగిలినంత ఒత్తిడికే పనిచేస్తుంది.

స్విచ్ పెట్టే చోటు ముఖ్యం. వేలు మామూలుగా ఉండే చోట పెడితే ఊరికే నొక్కుకుపోతుంది. వేలు కదిలి చేరే చివర పెట్టాలి. చెక్క పలక మీద వెల్క్రో పట్టీతో బిగిస్తే రోజూ కొంచెం జరుపుకోవచ్చు.

ఇప్పుడు విండోస్ బటన్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే స్క్రీన్ మీద కీబోర్డ్ వస్తుంది. దాంట్లో ఆప్షన్స్ తెరిచి స్కాన్ త్రూ కీస్ ఎంచుకోండి, నొక్కే సాధనంగా మౌస్ క్లిక్ పెట్టండి. వెలుగు ఒక్కో వరుస మీద నుంచి కిందికి దిగుతుంది. కావాల్సిన వరుస రాగానే స్విచ్ నొక్కాలి. తర్వాత ఆ వరుసలో వెలుగు జరుగుతుంది, కావాల్సిన అక్షరం రాగానే మళ్లీ నొక్కాలి. నెమ్మదిగానే సాగుతుంది, ఆ మాట దాచను. కానీ రాసింది ఆ మనిషే.

ఫోన్‌కు మౌస్ బదులు సెల్ఫీ రిమోట్ వాడి చూడండి. అది ఫోన్‌కు వాల్యూమ్ బటన్ లాగా కనపడుతుంది, స్విచ్ యాక్సెస్‌లో ఆ బటన్‌ను ఎంచుకోవచ్చు.

కన్ను ఒక్కటే మిగిలినప్పుడు

ఏఎల్ఎస్ లాంటి జబ్బులో చేతులు, కాళ్లు, మాట ఒక్కొక్కటే పోతాయి, కళ్ల కదలిక మాత్రం చాలామందిలో చివరిదాకా నిలుస్తుంది. ఐ ట్రాకర్ వాళ్లకు నిజంగా ప్రాణం లాంటిది. అప్పుడు ఖర్చుకు వెనకాడకండి. కానీ అక్కడ కూడా పరికరానికి ముందు ఒక అట్ట తయారు చేసుకోండి.

ఫొటో ఫ్రేములు కట్టే షాపులో పారదర్శకంగా ఉండే అక్రిలిక్ షీటు తీసుకోండి, మధ్యలో ముఖం కనపడేంత రంధ్రం చేయించండి. నాలుగు మూలల్లో, పైన, కింద అక్షరాల గుంపులు రాయండి: ఒకచోట అచ్చులు, ఒకచోట క, చ వర్గాలు, ఒకచోట ట, త వర్గాలు, ఇలా. మీకూ ఆయనకూ మధ్య పట్టుకోండి. ఆయన ఏ మూల చూస్తే మీకు ఆ గుంపు తెలుస్తుంది. ఆ గుంపులో అక్షరాలు ఒక్కొక్కటీ మీరు పైకి చదవండి, కావాల్సింది రాగానే ఆయన రెప్ప ఆర్పాలి. గుణింతాలు అడగకండి, హల్లులు చాలు. "న", తర్వాత "ళ" అంటే నీళ్లు అని ఇంట్లోవాళ్లకు తెలియదా? అట్ట అడుగున "పక్కకు తిప్పు", "దురద", "ఫ్యాన్", "కఫం తీయి" అని నాలుగు రాసి ఉంచండి. కరెంటు పోయినా, లాప్‌టాప్ పాడైనా అట్ట పనిచేస్తుంది.

మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి కళ్లు పైకీ కిందికీ మాత్రమే కదులుతాయి, పక్కలకు తిరగవు. అలాంటివాళ్లకు మామూలు ఐ ట్రాకర్ తికమక పెడుతుంది. కొనేముందు కంటి కదలిక నాలుగు వైపులా ఉందో లేదో డాక్టరుతో చూపించుకోండి.

ఐ ట్రాకర్ అంటే స్క్రీన్ కింద బిగించే సన్నని పట్టీ. అది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తుంది. ఆ వెలుగు కంటి ముందుపొర మీద చిన్న మెరుపు చుక్కగా కనపడుతుంది. ఆ చుక్కకూ కనుపాపకూ మధ్య దూరం ఎలా మారుతుందో కెమెరా చూసి, చూపు ఎటుందో లెక్క కడుతుంది. ఇది తెలిస్తే సగం చిక్కులు మీరే విప్పుకోవచ్చు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కిటికీ నుంచి ఎండ ముఖం మీద పడితే పరికరానికి ఏదీ కనపడదు. మన ఏప్రిల్, మే ఎండలకు తలుపు సందులోంచి వచ్చే వెలుగు చాలు చెడగొట్టడానికి. మందంగా పరదా కట్టండి. పాతకాలపు పసుపు బల్బులు తీసి ఎల్ఈడీ పెట్టండి. కళ్లద్దాల మీద మెరుపు పడుతుంటే అద్దాలు కాస్త వంచి చూడండి. రెండు పవర్ల అద్దాలు చాలా ఇబ్బంది పెడతాయి, కంప్యూటర్ దూరానికి ఒకే పవర్‌తో జత చేయించండి. కాటుక దట్టంగా పెట్టుకుంటే పరికరం కనుపాప అనుకుని మోసపోవచ్చు. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొడితే కళ్లు ఎండి చూపు నిలవదు.

దూరం మూరెడు మీద నాలుగు వేళ్లు, అటూ ఇటూ. పడుకునే ఉండేవాళ్లకు స్క్రీన్‌ను కూడా వంచి, ముఖానికి ఎదురుగా ఉండేలా స్టాండుకు బిగించాలి. ఆ స్టాండు గట్టిగా ఉండకపోతే మిగతాదంతా వృథా. తర్వాత క్యాలిబ్రేషన్: స్క్రీన్ మీద చుక్కలు వస్తాయి, ఒక్కోదాన్నీ చూడాలి. ఆ సమయంలో పక్కన మాట్లాడకండి, పిలవకండి. కళ్లు మీ వైపు తిరిగితే లెక్క తప్పుతుంది. మనిషిని పక్కకు తిప్పిన ప్రతిసారీ మళ్లీ చేయాల్సి రావచ్చు.

ఎంత బాగా కుదిరినా చూపు గురిలో సుమారు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తేడా ఉంటుంది. ఆ దూరంలో అది స్క్రీన్ మీద అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు. మూల మీద ఉండే చిన్న క్లోజ్ గుర్తును చూపుతో కొట్టడం అందుకే కష్టం. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 150 శాతం, అవసరమైతే ఇంకా పెంచండి. విండోస్ 10లో 2017 నుంచి, ఇప్పుడు 11లోనూ, ఐ కంట్రోల్ అనే సౌకర్యం ఉంది. టోబీ కంపెనీ ట్రాకర్లతో పనిచేస్తుంది. పరికరం కొనేముందు అది మీ విండోస్‌లో నడుస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

చూపుతోనే క్లిక్ పెడితే ఇంకో తిప్పలు. చదువుదామని చూసిన ప్రతిదీ తెరుచుకుంటుంది. చూడటం వేరు, నొక్కడం వేరు కదా. కనుబొమ్మో పెదవో వేలో ఏ కొంచెం కదిలినా చూపుతో గురి పెట్టి, క్లిక్ మాత్రం ఆ కదలికకు ఇవ్వండి. పైన చెప్పిన మౌస్ స్విచ్ ఇక్కడ కూడా పనికొస్తుంది. ఏదీ లేనప్పుడే డ్వెల్. అప్పుడైనా చదువుకునేటప్పుడు ఆపేసుకోవడానికి పాజ్ బటన్ స్క్రీన్ మూలలో పెద్దగా ఉండాలి.

తెలుగులో టైప్ చేయాలంటే

ఇంగ్లిష్ అక్షరాలు 26, మనవి 56, పైగా గుణింతాలు, ఒత్తులు. విండోస్‌లో, తెలుగు అక్షరాలే నేరుగా కీల మీద ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెడితే సగం అక్షరాలకు షిఫ్ట్ కావాలి. చూపుతోనో ఒక్క స్విచ్‌తోనో ఇది పెద్ద భారం. తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ వేసుకోండి: సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అక్కడ తెలుగు చేర్చి, కీబోర్డ్‌గా ఫొనెటిక్ ఎంచుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు వస్తుంది, మధ్యలోనే మాటలు సూచిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్లకు ఇన్‌స్క్రిప్టే నయం. మా పెద్దమ్మ వయసు వాళ్లకు కొత్త లిపి నేర్పే సమయం అది కాదు. రోజూ వాడే మాటలు ఒక ఫైల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, కాపీ చేసుకుంటే సరిపోతుంది.

వైకల్యం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) చేయించి ఉంచండి. ప్రభుత్వ సాయం ఏది అడగాలన్నా ముందు అడిగేది వాటినే.

అన్నీ కుదిరాక సెట్టింగ్స్ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: వేగం ఎంత, డ్వెల్ ఎన్ని సెకన్లు, స్క్రీన్ ఎంత దూరం, మంచం ఎటు వైపు. నేను ఊళ్లో లేని రోజు అక్క ఆ కాగితం చూసే అన్నీ సరిచేస్తుంది. దానికంటే ముందు ఇంకొకటి చేయండి. మనిషిని పిలిచే గంట కంప్యూటర్‌కు సంబంధం లేకుండా విడిగా ఉండాలి. బావకు గడ్డం కింద రెండో స్విచ్ పెట్టాం, బ్యాటరీతో నడిచే బజ్జర్‌కు కలిపాం, బజ్జర్ వంటింట్లో ఉంటుంది. దాని బ్యాటరీ నెలకోసారి మారుస్తాం, ఒకటో తారీఖున.